వంతెన మీద బెల్లం

నిర్మల్ బజారులో మా రంగుల దుకాణం తెరిచి ఇరవై రెండేళ్లయింది. మా తాతకు నాలుగు ఊళ్లలో భూములుండేవి. మా బాపు నాటికి రెండు ఊళ్లలో మిగిలాయి. నాకు దుకాణం మిగిలింది. దానికి నాకు చింత లేదు. చేను ఎంత పండుతుందో కోతదాకా తెలియదు. డబ్బాలో రంగు ఎంత గోడకు సరిపోతుందో మూత తీయకముందే చెప్పగలను. ఏ పని చేతికొచ్చినా ఎన్ని రోజులు, ఎందరు మనుషులు, ఎంత సరుకు అని ముందే తేల్చుకుంటాను. అట్లా తేల్చుకున్నదాంట్లో ఒక్కసారి తప్పాను. అది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

1984 ఎండాకాలంలో భైంసా దారిలో వాగు మీద ఉన్న ఇనుప వంతెనకు పాత రంగు గీకి కొత్త రంగు వేసే పని నాకు దొరికింది. నైజాం కాలపు వంతెన. రాతి స్తంభాల నడుమ ఐదు ఖానాలు. పైకి కనిపించేది వెండి రంగు. దాని కింద ఒకదాని మీద ఒకటి నాలుగైదు పూతల ఎర్ర సీసం రంగు. ఇనుముకు తుప్పు పట్టకుండా దాన్ని మించింది లేదని ఆ రోజుల్లో అందరూ అదే పూసేవారు. నా దుకాణంలో కూడా ఎక్కువగా పోయే సరుకు అదే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. మంట లాంపుతో రంగును వేడిచేసి మెత్తబడేట్టు చేయాలి, సుత్తెతో పెచ్చులు లేపాలి, మిగిలింది ఇనుప బ్రష్షుతో రుద్దాలి. రుద్దినప్పుడు లేచే ఎర్రటి దుమ్ము మనిషిని కప్పేసేది. సాయంత్రానికి అందరూ హోళీ ఆడి వచ్చినట్టుండేవారు. ఒకటే గట్టి నియమం. ఉదయం గీకిన ఇనుముకు సాయంత్రంలోగా కొత్త పూత పడాలి. ఒక్కరాత్రి మంచు తగిలినా పసుప్పచ్చగా తుప్పు లేస్తుంది, మళ్లీ గీకాలి. వానలు పడేలోగా ఐదు ఖానాలూ అయిపోవాలి. మార్చి ఒకటిన మొదలుపెడితే తొంభై నాలుగు రోజులని లెక్కవేశాను. పదహారు మందిని పెట్టాను.

అందులో పన్నెండు మంది నేతపని చేసే సాలోళ్లు. చేమగ్గాలు మూలకుపడిన కాలం అది. వాళ్లను తీసుకోవడంలో నా ఆలోచన నాకుంది. మట్టిపని చేసేవాడు సుత్తె ఎత్తితే ఇనుముకు సొట్ట పడుతుంది. మగ్గం మీద పెరిగినవాడి చెయ్యి తేలికగా పడుతుంది. రివిట్టు చుట్టూ, మూలల్లో, సందుల్లో ఇరుక్కున్న రంగును గింజ గింజగా తీస్తాడు.

అంబదాస్ అట్లాంటివాడు. వంతెన దాటాక మూడు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. వాళ్ల నాయన మా ఇంటికి దుప్పట్లు నేసి ఇచ్చేవాడు. అంతకుముందు ఎండాకాలం కూడా ఇంకో చిన్న వంతెన మీద అంబదాస్ నా దగ్గరే పని చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మిగతావాళ్లు నన్ను సేటు అనేవారు, అతను మాత్రం తండ్రి అలవాటు ప్రకారం దొర అనేవాడు. ఒకరోజు కట్టిన మంచెకు తాడు పోగు తెగితే నాతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే ముడేశాడు. నేను వేలితో తడిమి చూశాను. ముడి ఎక్కడుందో తగల్లేదు.

"గీ చేతులకు గీ సుత్తె ఏంది రా" అన్నాను.

"గీ ఒక్క ఎండకాలమే దొరా. వానలు పడంగనే సిరిసిల్ల పోత. మా మేనమామ పవర్‌లూమ్ కాడ మాట్లాడి పెట్టిండు. నాలుగు సాంచెలు, గదే కరెంటు మగ్గాలు, నాకే అప్పజెప్పుతరట. పోగు తెగితే అతికేతందుకు చెయ్యి చురుకుగుండాలె, గంతే."

"నీ చెయ్యికేం."

"గదే నా ధైర్యం" అని నవ్వాడు.

ఇక బెల్లం సంగతి. దుమ్ములో పనిచేసేవాడికి పని దిగగానే బెల్లం పెట్టాలి. గొంతులో పేరుకున్న దుమ్మును బెల్లం కడుపులోకి దింపుతుంది, తెల్లారి బయటికి పోతుంది. ఇది మా వైపు ఎవరిని అడిగినా చెప్తారు. భైంసా జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ముకు ఇదే మందు. బొగ్గుబాయి పనికి దిగేవాళ్లకూ ఇదే. కొందరు గుత్తేదార్లు వారానికోసారి ఇచ్చి చేతులు దులుపుకునేవారు. నేను రోజూ పెట్టాను. వంతెన మొదట్లో గోనెసంచి పరిచి దాని మీద పెద్ద బెల్లం గడ్డ పెట్టించాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరికి కావలసింది వాళ్లు విరుచుకోవచ్చు. నీళ్లు మాత్రం కింద వాగు ఇసుకలో తోడిన చెలిమెలో ఉండేవి. తాగడానికి ఒక బిందె పైకి తెచ్చేవారు. చేతులు కడుక్కోవడానికి ఎవరూ కిందికి దిగేవారు కాదు. దిగి ఎక్కడానికి బెల్లం తినేంత సేపు పడుతుంది.

మార్చి నెలలో రోడ్లు, భవనాల శాఖ నుంచి ఒక సూపర్‌వైజరు తనిఖీకి వచ్చాడు. ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. తాళ్లు గట్టివేనా, మంచెలు సరిగ్గా ఉన్నాయా, మూతికి గుడ్డలు కట్టుకుంటున్నారా, తాగే నీళ్లున్నాయా అని ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టాడు. చివరకు బెల్లం గడ్డ చూసి, "ఇది మంచి పని చేసిండ్రు గోపాల్‌రావుగారూ" అని తనూ ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. కాగితం మీద లేకపోయినా చివర్లో 'బెల్లం ఇవ్వబడుచున్నది' అని చేత్తో రాశాడు. నాకు సంతోషం కలిగింది.

పని మొదలై ఇరవై రోజులు పోయాక మా మేస్త్రీ భూమన్న వచ్చి చెప్పాడు.

"సేటూ, బెల్లం గీసారి తీపి లేదంటున్నరు."

"కామారెడ్డి బెల్లం. తీపి లేకపోవుడేంది?"

"ఇనుము నాకినట్టున్నదంట."

అక్కడే ఉన్న అంబదాస్ అందుకున్నాడు. "బెల్లమే కాదు దొరా. నీళ్లు గట్లనే ఉన్నయ్. ఇంటికి పోయి తింటే అన్నం గూడ గట్లనే ఉన్నది."

"అయితే మీ ఇంటి అన్నం గూడ నేనే కల్తీ చేస్తున్ననా?" అన్నాను. అందరూ నవ్వారు. అంబదాసూ నవ్వాడు.

నేను వ్యాపారిని. సరుకు రుచి మారిందంటే అమ్మినవాణ్ని అనుమానిస్తాను. బెల్లం కొట్టుకు వెళ్లి గడ్డ పగలగొట్టించి చూశాను, నాకి చూశాను. బాగానే ఉంది. అయినా ఆ కొట్టు మానేసి ఇంకో కొట్టులో మేలు రకం కొన్నాను. అన్నం కూడా ఇనుములా ఉందన్న మాట నా లెక్కలోకి రాలేదు. అన్నం నేను అమ్మింది కాదు.

ఏప్రిల్ మొదట్లో కడుపునొప్పులు మొదలయ్యాయి. నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే కూలబడి మోకాళ్లు కడుపులోకి ముడుచుకునేవాడు. నాలుగు రోజులకోసారి కూడా విరేచనం అయ్యేది కాదు. ముగ్గురిని నా స్కూటరు మీదే నిర్మల్ తీసుకొచ్చి తెలిసిన డాక్టరుకు చూపించాను. ఆయన కడుపు నొక్కి చూసి, "ఎండలో పనిచేసి కల్లు పట్టిస్తే ఇంతే. ఆముదం తాగించండి" అన్నాడు. ఆముదం తాగించాను. దుమ్ము దిగడం లేదేమోనని బెల్లం గడ్డ రోజుకు ఒకటిన్నర చేశాను.

రెండో వారంలో అంబదాస్ కుడిచెయ్యి పడిపోయింది. పడిపోవడమంటే మొత్తం కాదు. మోచెయ్యి లేస్తుంది, వేళ్లు ముడుచుకుంటాయి. మణికట్టు మాత్రం నిలబడదు. చాయ్ గ్లాసు పట్టుకోబోతే చెయ్యి విరిగిన కొమ్మలా కిందికి వేలాడింది.

"నిద్రల చెయ్యి కిందపడ్డట్టుంది దొరా. తిమ్మిరి ఇంక పోలే" అన్నాడు.

"ఎన్ని రోజులాయె?"

"నాలుగొద్దులు."

నాలుగు రోజులు ఉండే తిమ్మిరి ఉండదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఎడమచేత్తో సుత్తె పట్టుకున్నాడు. భూమన్న చూసి, "ఏం రా, సగం చెయ్యి ఇంట్ల దాసిపెట్టి వచ్చినవా?" అని గేలి చేశాడు.

"సిరిసిల్లల పనికొస్తదని దాసిన మేస్త్రీ" అన్నాడు అంబదాస్. నవ్వుతూనే అన్నాడు కాని ఆ తర్వాత చాలాసేపు కుడిచేతిని ఎడమచేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఏప్రిల్ పదిహేడున శాఖ ఆఫీసులో నాకు తెలిసిన గుమాస్తా కబురు పంపాడు. కరీంనగర్ నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్టరు ఎల్లుండి వస్తున్నాడు, పేరు రాజం, తాళ్లూ మంచెలూ చూసి పోయే రకం కాదు, జబ్బుపడ్డవాళ్లు ఎవరని అడుగుతాడు, ఒక్కడు కనిపించినా పని ఆపించేస్తాడు అని.

నేను దుకాణంలో కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇంకా నలభై ఆరు రోజుల పని ఉంది. రెండు ఖానాలు పూర్తయ్యాయి, మూడోది సగంలో ఉంది. ఇప్పుడు పని ఆగితే గీకిన ఇనుము వానకు తడుస్తుంది. ఆ తర్వాత ఈ జిల్లాలో నాకు ఇంకో వంతెన ఎవరూ ఇవ్వరు. జబ్బుపడ్డవాళ్లు నలుగురు. వాళ్లు ఒక్కరోజు కనబడకుండా ఉంటే చాలు.

ముగ్గురిని ఊళ్లకు పంపించాను. మిగతా పాతవాళ్లను ఆ పూట సరుకు తేవడానికి పంపి, మూడు రోజుల కిందట చేరిన కొత్తవాళ్లను ముందు వరసలో పెట్టాను. అంబదాస్ ఇంటికి పోనన్నాడు.

"ఇంటికాడ కూసుంటే మా ఇంటిది నర్మద అడుగుతది దొరా. చెయ్యి సంగతి దానికింక చెప్పలే. సారు వచ్చిపొయ్యేదాంక గా మూడో ఖానా కింద నీడకు కూసుంట."

"చప్పుడు చెయ్యకు. సారు చూస్తే నిన్నింక పనిల పెట్టుకోనియ్యడు."

"నాకేం పాగల్ పట్టిందా దొరా, చప్పుడు చేసెతందుకు."

రాజం సారు పదకొండు గంటలకు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. జీపు లేదు, వెంట ఎవరూ లేరు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి. గొడుగు, చేతి సంచి. తాళ్ల వైపు చూడనే లేదు. కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి, "పండ్లు కాదు, చిగుళ్లు చూపియ్యిండ్రి" అన్నాడు. పెదవి లేపి ఒక్కొక్కరి చిగుళ్లు వంగి చూశాడు. తర్వాత అరచేతులు కిందికి పెట్టి చేతులు ముందుకు చాపమన్నాడు. అందరి చేతులూ నిటారుగా నిలిచాయి.

ఆయన ఒకడి అరచెయ్యి తిప్పి చూసి నా వైపు తిరిగాడు.

"బొబ్బలన్నీ మూడు రోజులవే. మార్చి నుంచి పని నడుస్తుంది గద. పాతోళ్లేరి?"

"పెండ్లిళ్ల దినాలు సార్. ఊర్లకు పోయిండ్రు."

"అందరింట్ల ఒక్కరోజే పెండ్లా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వంతెన మీద నడుచుకుంటూ మూడో ఖానా దాకా వచ్చాడు. ఆ రోజు గోనెసంచి, బెల్లం గడ్డ అక్కడే ఉన్నాయి. పని ఎక్కడ జరిగితే అక్కడికి జరిపేవాళ్లం. ఆయన గొడుగు ముడిచి గడ్డ ముందు గొంతుకూర్చున్నాడు.

"ఇదేంది?"

"బెల్లం సార్. రోజూ పెడ్తున్న. మూడు పూటల" అన్నాను. అప్పటిదాకా అడిగిందానికి మాత్రమే జవాబు చెప్పినవాణ్ని బెల్లం గురించి అడగనిది కూడా చెప్పాను. మేలు రకమని, ఒకటిన్నర గడ్డ అని, తనిఖీ కాగితంలో కూడా రాసి ఉందని.

ఆయన గడ్డను మెల్లగా తిప్పాడు. విరిచిన చోటల్లా ఎర్రటి వేలిముద్రలు. బెల్లం జిగటకు దుమ్ము అంటుకుని ఒక పక్కంతా ఇటుక రంగులో ఉంది. నేను దాన్ని యాభై రోజులుగా రోజూ చూస్తున్నాను.

"ఇది తినేముందు చేతులెక్కడ కడుగుతరు?"

"కింద చెలిమె ఉంది సార్."

"ఉందా అని అడగలే. కడుగుతరా అన్న."

నేను గోనెసంచి అంచు సరిచేశాను.

"గోపాల్‌రావుగారూ, మీరు రంగుల యాపారం చేస్తరు. గీ ఎర్రది ఏందో మీకు తెలుసు. సీసం. పత్తి దుమ్మైతే బెల్లంతోని దిగిపోతదేమో నాకు తెల్వదు. సీసం దిగిపోదు. కడుపులకు పోయి అక్కడి నుంచి నెత్తుట్ల కలుస్తది. ఎముకల కూసుంటది. పదేండ్ల కింద హైదరాబాద్‌ల బ్యాటరీలు చేసేకాడ చూసిన. ముందుగాల నోరు ఇనుము లెక్క అయితది, చిగుళ్లకు నల్ల గీత పడ్తది. అవెనుక కడుపుల మెలివెడ్తది. అవెనుక చెయ్యి వాలుతది. దుమ్ము పీలిస్తే పొయ్యేది కొంత. మీరు బెల్లంల పెట్టి తినిపిస్తున్నది ఎంతనో మీరే లెక్క వేసుకోండ్రి."

నోరు ఇనుములా అవుతుందన్న మాట దగ్గరే నా లెక్క పూర్తయింది. ఇంటి అన్నం సంగతి అప్పుడు అర్థమైంది.

ఆయన లేచి నిలబడి గొడుగు విప్పాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"నేను పోలీసోన్ని కాదు. జరిగిందేందో జరిగింది. మీ దగ్గర చెయ్యి వాలినోడు ఒక్కడన్న ఉంటే చెప్పుండ్రి. రేపే హైదరాబాద్ పెద్ద దవఖానకు చీటి రాసిస్త. సూదులున్నయ్. ఇప్పుడు పని నుంచి తప్పించి సూదులేస్తే చెయ్యి మళ్ల లేస్తది. రెండు మూడు నెలలు దాటినంక నరం చస్తది, అప్పుడు నేను రాసిచ్చినా ఏం ఫాయిదా ఉండది. ఉన్నరా ఎవరన్న?"

మేము నిలబడ్డది మూడో ఖానా మీద. కాళ్ల కింద ఇనుప రేకుల సందుల్లోంచి వాగు ఇసుక కనిపిస్తోంది. నలభై నాలుగు రోజుల పని, సగం గీకిన ఖానా, జూన్ వాన. ఆ లెక్క ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయన రెప్ప వేసేలోపు అయిపోయి ఉంటుంది.

"లేరు సార్" అన్నాను.

ఆయన నన్ను కొంచెంసేపు చూశాడు. తర్వాత పుస్తకం తీసి రాసుకున్నాడు. రోగులెవరూ కనిపించలేదు, జాగ్రత్తలు చెప్పడమైనది అని. జాగ్రత్తలు చెప్పాడు. గీకేముందు రంగును తడపాలి. మంట లాంపు వాడొద్దు. సబ్బు, నీళ్లు పైనే ఉంచాలి. పని బట్టలతో ఇంటికి పోవద్దు. వంతెన మీద తిండి వస్తువు ఏదీ ఉండొద్దు. నా చేత సంతకం పెట్టించుకుని, వచ్చినట్టే నడుచుకుంటూ బస్సు కోసం పోయాడు.

ఆయన కనుమరుగు కాగానే గడ్డను గోనెసంచితో సహా వాగులో గొయ్యి తీయించి పూడ్పించాను. అంబదాస్ ఖానా కింది నుంచి పైకి వచ్చాడు. బట్టలు దులుపుకుంటూ, "ఏమన్నడు దొరా సారు?" అని అడిగాడు.

"అంత మంచిగనే ఉందన్నడు. చేతులు కడుక్కొని తినుమన్నడు. నువ్వు వారం రోజులు ఇంటికాడ ఉండు, కూలి ఇస్త."

"మంచిది దొరా" అన్నాడు. అంతే అన్నాడు.

మరునాడు ఒక నీళ్ల డ్రమ్ము, పదహారు సబ్బులు పెట్టించాను. సబ్బులు ఆ సాయంత్రమే ఇళ్లకు పోయాయి, ఆడవాళ్లు బట్టలుతుక్కోవడానికి. మంట లాంపు నాలుగు రోజులు ఆపాను. పని వెనకబడింది, మళ్లీ వెలిగించాను. బెల్లం మాత్రం తిరిగి పెట్టలేదు. దానికి మనుషులు ఊరుకోలేదు.

"సేటుకు బెల్లం బరువైంది" అన్నాడు ఒకడు, నాకు వినబడేట్టు.

"సారుకు లంచం కింద పోయిందేమో మన బెల్లం" అన్నాడు ఇంకొకడు.

భూమన్న సూటిగానే అడిగాడు. "దుమ్ము తిని సావమంటరా సేటూ? ఏ గుత్తేదారన్న బెల్లం బంద్ చేస్తడా?"

ఎందుకు ఆపానో చెప్పాలంటే సీసం సంగతి చెప్పాలి. సీసం సంగతి చెబితే కడుపునొప్పుల సంగతి, చెయ్యి సంగతి, లేరు అన్న మాట సంగతి అన్నీ చెప్పాలి. "ధర పెరిగింది" అన్నాను. రెండు రోజుల్లో తలా కొంచెం వేసుకుని రోడ్డుపక్క కొట్టులో వాళ్లే బెల్లం కొనుక్కున్నారు. సంచి పరిచి, దాని మీద గడ్డ పెట్టి, పనిలోంచి లేచిన చేతులతోనే విరుచుకుని తిన్నారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

వారం ఉండమంటే అంబదాస్ మూడో రోజే వచ్చాడు. ఇంటి దగ్గర నర్మద చెయ్యి చూసి ఏడుస్తోందట. గీకుడు పని వద్దని అతన్ని నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టాను. అక్కడికీ దుమ్ము వచ్చేది. బెల్లంలో అతనికీ వాటా ఉండేది.

జూన్ రెండున చివరి పూత పడింది. నేను వేసిన లెక్క ప్రకారం తొంభై నాలుగో రోజు. ఆరో తారీఖున వాన కురిసింది. వంతెన కొత్త వెండి రంగుతో భైంసా దారిలో అంతదూరం నుంచే మెరిసేది.

జూలై నెల మధ్యలో నర్మద దుకాణానికి వచ్చింది. సన్నటి మనిషి. అంతకుముందు ఎప్పుడూ నా దుకాణం మెట్టెక్కలేదు. వెనక అంబదాస్ కుడిచేతిని తువాలలో చుట్టుకుని నిలబడ్డాడు.

"మీ వంతెన మంచిగ మెరుస్తుంది గద దొరా. జర మా ఆయన చెయ్యి గూడ చూడుండ్రి" అంది.

సిరిసిల్ల వెళ్లి రెండు రోజులు కూడా ఉండలేకపోయాడట. పోగు తెగితే అతకలేకపోయాడు. ఎడమచేత్తో ఒకటి అతికేలోపు మరో రెండు సాంచెలు ఆగిపోయాయి. మేనమామ మొహం చూసి అక్కడి సేటు ఏమీ అనలేదట. రెండో రోజు సాయంత్రం మాత్రం, "పానం మంచిగైనంక రా" అని బస్సు చార్జీ చేతిలో పెట్టాడట.

మరునాడే అతన్ని హైదరాబాద్ తీసుకుపోయాను. పెద్దాసుపత్రిలో డాక్టరు చిగుళ్లు చూసి, చెయ్యి చూసి, నెత్తురు తీసి పంపించాడు. ఎప్పటి నుంచి అని అడిగితే ఏప్రిల్ నుంచి అన్నాడు అంబదాస్.

"ఏప్రిల్‌లోనే ఎందుకు తీసుకురాలేదు?" అని డాక్టరు నన్నే అడిగాడు. నేను వెంట వచ్చిన బంధువుననుకున్నాడు.

పన్నెండు రోజులు సూదులేశారు. కడుపునొప్పి పోయింది. నోటి రుచి వచ్చింది. ఎడమచెయ్యి కూడా అప్పటికే బలం తగ్గుతోందట, అది మాత్రం నిలబడింది. కుడిచెయ్యి లేవలేదు. పంపించేటప్పుడు డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. ఎక్కడ పనిచేశాడు, ఏ పని, ఎన్ని రోజులు, పని చేయించినవాడు ఎవరు. ఇది నింపి కరీంనగర్‌లో ఇన్‌స్పెక్టరుకు ఇస్తే నష్టపరిహారం కేసు నడుస్తుంది, నింపకపోతే ఏమీ లేదు అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి నిర్మల్ దాకా ఐదు గంటల బస్సు ప్రయాణంలో నాలుగైదుసార్లు జేబు తడుముకున్నాను, బయటికి తీయలేదు. కేసు నడిస్తే నా సంతకం ఉన్న ఆ రోజు తనిఖీ పుస్తకం బయటికొస్తుంది.

నిర్మల్‌లో దిగి భైంసా బస్సు ఎక్కాం. ఇంటిదాకా దింపి వస్తానని అతనితోనే కూర్చున్నాను. మధ్యాహ్నం. వాగు ఎర్రటి నీళ్లతో నిండుగా పారుతోంది. బస్సు వంతెన మీదికి ఎక్కగానే అంబదాస్ కిటికీలోంచి కిందికి చూశాడు.

"మూడో ఖానా దొరా" అన్నాడు. "అప్పుడు కింద ఇసుకనే ఉండె. ఇప్పుడు కూసుంటే మునుగుత."

నా చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది.

"మీకు తెల్వదు గని, పైన రేకు మీద నిలబడి మాట్లాడితే కిందికి మంచిగ ఇనవడ్తది. పక్కన కూసోని చెప్పినట్టే."

బస్సు నాలుగో ఖానా మీదికి వచ్చింది.

"ఏం విన్నవు?" అని అడిగాను.

"అన్ని ఇన్న. బెల్లం సంగతి ఇన్న. సూదుల సంగతి ఇన్న. ఎవరన్న ఉన్నరా అని సారు అడుగుడు ఇన్న. మీరు లేరనుడు ఇన్న."

"మరి నువ్వెందుకు రాలే పైకి?"

అతను ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో సర్దుకున్నాడు.

"లేద్దామనే అనుకున్న. గని మీరు లేరన్నరు గద. మీరు లెక్క తెల్సినోళ్లు. ఊకె అనరు, దాంట్ల నాకు గూడ ఏమన్న మంచి ఉంటదేమో అనుకున్న."

నిష్టూరంగా అని ఉంటే జవాబు వెతుక్కునేవాణ్ని. అతను మామూలుగానే అన్నాడు. తన వంతు తప్పు తను ఒప్పుకుంటున్నవాడిలా అన్నాడు.

"బెల్లం గురించి మిగతా పనోళ్లకన్న చెప్పకపోయినవా?" అన్నాను. ఆ మాట అడిగే మనిషిని నేను కాదని అన్నాక తెలిసింది.

"చెప్తే పని బంద్ అయితది గద దొరా. గప్పుడు సిరిసిల్ల పోదామని ఉండె నాకు."

వాళ్ల ఇంట్లో ఒక మూలన మగ్గం గుంట మీద చెక్కలు పరిచి బియ్యం బస్తా పెట్టుకున్నారు. నర్మద మంచినీళ్లిచ్చింది. నేను జేబులోంచి కాగితం తీసి, ఆ చెక్కల మీదే పెట్టి నింపాను. పని, ఎర్ర సీసం రంగు గీకుట. రోజులు, పోయినేడాది అరవై, ఈ ఏడాది తొంభై నాలుగు. చెయ్యి వాలింది ఏప్రిల్ రెండో వారంలో. ఏప్రిల్ పంతొమ్మిది తనిఖీ నాడు ఇతన్ని నేనే కనబడకుండా ఉంచాను. పని చేయించినవాడు గోపాల్‌రావు, నిర్మల్. ఊళ్లకు పంపిన ముగ్గురి పేర్లు కూడా రాశాను. సంతకం పెట్టాను. ఆ సంతకంతో వంతెనలన్నీ నా చేతి నుంచి పోతాయని పెట్టేటప్పుడే తెలుసు, పోయాయి. కేసు ఆరేళ్లు నడిచింది.

కింద పనివాడి సంతకం అని ఒక గీత ఉంది. కలం అంబదాస్‌కు ఇవ్వబోయి ఆగి, "వేలిముద్ర చాలు" అన్నాను.

"నాకు సంతకం వస్తది దొరా. ఆరో తర్గతి చదివిన" అన్నాడు.

కలం తీసుకున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును కింది నుంచి ఎత్తిపట్టుకుని కాగితం మీద ఆనించాడు. 'అం' అని సున్నా వరకు వచ్చింది. అక్కడ కలం వేళ్లలోంచి జారి చెక్కల సందులోంచి మగ్గం గుంటలో పడింది. దాన్ని తీయడానికి ఎవరూ వంగలేదు. నర్మద లోపలికి వెళ్లి వాళ్ల పసిపిల్ల కాటుక భరిణె తెచ్చి మూత తీసింది. అతని ఎడమ బొటనవేలు తనే పట్టుకుని అందులో అద్ది, ఆ సున్నా పక్కన ఒత్తింది.